నాన్న మెదడుకి రెండు రీడింగులు

మా ఇంట్లో ఎండుమిరపకాయల పోపు మాడి ఘాటు లేస్తే, నాన్న వంటింటి తలుపు మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టేవాడు. టక్, టక్, టక్. ఆ చప్పుడు చెవిన పడగానే నేను ఏ గదిలో ఉన్నా ఊపిరి బిగబట్టి వరండాలోకి పరిగెత్తేదాన్ని. కాసేపటికి ఘాటు తగ్గాక ఒక్కసారి కొట్టేవాడు. ఒక్క దెబ్బ అంటే గాలి బాగుంది, ఇంక ఊపిరి తీసుకో అని. అమ్మ దగ్గుతూనే, "మీ ప్లాంటు ఏసాలు నా వంటింట్లో ఎయ్యకండి" అనేది. ఆవిడ దగ్గుకి నేనూ నాన్నా వరండాలో నిలబడి నవ్వుకునేవాళ్ళం.

ఆ దెబ్బల భాష ప్లాంటుదే. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో నాన్న మీటరు మెకానిక్కు. ఫర్నేసు నుంచి వచ్చే గ్యాసు మనిషెత్తు గొట్టాల్లో ఎంత పోతోందో కొలిచే మీటర్లు ఆయన చేతికింద ఉండేవి. ఆ గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. నాలుగు గుక్కలు గట్టిగా పీలిస్తే మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. ఫర్నేసు హోరులో అరిచినా వినపడదు గనక నాన్న జట్టువాళ్ళు తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకడు లోపల పని చేస్తుంటే ఇంకొకడు బయట ఇనప పానా పట్టుకుని కాపలా ఉంటాడు. లీకని అనుమానం వస్తే గొట్టం మీద మూడు దెబ్బలు, అంటే ఊపిరి బిగబట్టి బయటికి రా. అంతా బాగుంటే ఒక్క దెబ్బ. పాతికేళ్ళకి పైగా నాన్న ప్రాణం ఆ దెబ్బల మీద నడిచింది. నా చిన్నతనం కూడా వాటి మీదే నడిచిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తొంభైల చివర్లో, ఒక వానాకాలం ఆదివారం, సెక్టర్ 2లో మా క్వార్టరు పెరట్లో నాన్న కుళాయి బిగిస్తున్నాడు. ఉన్నట్టుండి పానా కుడిచేతిలోంచి జారి కింద పడింది. వంగి తీయబోయాడు. వేళ్ళు దాన్ని పట్టుకోలేదు. "ఏమైంది నాన్నా?" అని అడిగితే నోరు తెరిచి ఏదో అన్నాడు. అది తెలుగు కాదు, హిందీ కాదు, ముద్ద. నేను అక్కడే బిర్రబిగుసుకుపోయాను. పది నిమిషాల తర్వాత ఆయన మామూలుగా లేచి, పానా తీసుకుని, కుళాయి బిగించి, "తిమ్మిరెక్కిందంతే. ప్లాంటులో ఎవడికీ సెప్పకు. గ్యాసు పన్లోంచి తీసీసి కుర్చీలో కూకోబెట్టేస్తారు" అన్నాడు.

అమ్మ వదల్లేదు. పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడి పెద్ద డాక్టరు నాన్న మెడ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఎడమవైపు నరంలో ఏదో ఈల వేస్తున్నట్టుంది, నాగపూర్ వెళ్ళి ఎమ్మారై తీయించుకోండి అన్నాడు.

అక్కడి నుంచే నా తిప్పలు మొదలు. నాకప్పుడు ఇరవై రెండు. దుర్గ్‌లో బీయస్సీ ఫిజిక్స్ చదివి, ఇంట్లో పిల్లలకి ట్యూషన్లు చెప్పేదాన్ని. మా వీధిలో నేను సైన్సు చదివిన పిల్లని. నా మార్కులు ఎలా వచ్చాయో నాకూ ఆ దేవుడికీ తెలుసు. కానీ అమ్మకి హిందీ బజారు వరకే వచ్చు. నాన్నకి ప్లాంటు ఇంగ్లీషు వచ్చు గానీ ఆస్పత్రి ఇంగ్లీషు రాదు. నా నోట్లో హిందీ పారుతుంది, తెలుగు తడబడుతుంది. అయినా డాక్టరు చెప్పింది విని ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పే పని నా నెత్తిన పడింది. అర్థమైనట్టు తల ఊపడం నాకు కాలేజీలోనే బాగా అలవాటు.

నాగపూర్‌లో మమ్మల్ని చూసిన డాక్టరు నాకంటే ఓ పదేళ్ళు పెద్దవాడు. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండేవాడు. మరాఠీ మనిషి. నాన్నని, బాబాయి అన్నట్టు, 'కాకా' అనేవాడు. బొమ్మలు తీయడంతో ఆగకుండా, మెదడులోకి ఎంత రక్తం పారుతోందో ఎమ్మారైతో సరిగ్గా కొలవాలని ఆయన తాపత్రయం. ఆ కొలత మాకెందుకో తేలిగ్గానే చెప్పాడు. మెడలో ఎడమ నరం సన్నబడింది, అందులో అనుమానం లేదు. అయినా ఎడమవైపు మెదడుకి చాలినంత రక్తం అందుతుంటే మాత్రలతో నెట్టుకురావచ్చు. అందకపోతే మెడ కోసి నరం శుభ్రం చేయాలి. ఆ ఆపరేషన్‌లోనే కుడిచెయ్యీ మాటా పడిపోయిన వాళ్ళున్నారు. చేయించుకోక పడిపోయిన వాళ్ళూ ఉన్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. దేంట్లో దూకాలో చెప్పేది ఆ కొలత ఒక్కటే.

"కొలిచేది ఎలగ?" అని నాన్న హిందీలో అడిగాడు. డాక్టరు చెప్పాడు. చేతి నరంలోకి ఒక మందు గబుక్కున ఎక్కిస్తారు. అది మెదడులోంచి పోతున్నప్పుడు బొమ్మ నల్లబడి మళ్ళీ తెల్లబడుతుంది. ఎంత తొందరగా నల్లబడి ఎంత తొందరగా తేరుకుందో చూసి, రక్తం ఎంత పారుతోందో లెక్క కడతారు. నాకు ఇందులో సగం కూడా ఎక్కలేదు. అయస్కాంతానికీ రక్తానికీ ఏమిటి సంబంధం అని ఆలోచిస్తూ తల ఊపుతున్నాను. నాన్న మాత్రం కుర్చీ ముందుకి లాక్కుని, "ఓహో, నీళ్ళ పైపులో ఉప్పు కలిపి కింద ఎంత వచ్చిందో సూస్తాం, అలగన్నమాట" అన్నాడు. డాక్టరు ముఖం వెలిగిపోయింది.

"మరి జీరో చూశారా?" అన్నాడు నాన్న వెంటనే. ఏ మీటరు దగ్గరికి వెళ్ళినా ముందు పారకం ఆపి, ముల్లు సున్నా మీద నిలబడిందో లేదో చూడనిదే నాన్న రీడింగు రాసుకునేవాడు కాదు. ఇంట్లో పాలవాడి కొలతపాత్రని కూడా అలాగే అనుమానించేవాడు.

"మనిషిలో పారకం ఆపి చూడలేం కదా కాకా! జీరో ఉండదు. కుడివైపుతో ఎడమవైపుని పోల్చి చూడటమే" అన్నాడు డాక్టరు నవ్వుతూ.

నాన్న నావైపు తిరిగి తెలుగులో, "జీరో లేని మీటరంట. దీన్ని నమ్మి పీక కోయించుకోవాలంట" అన్నాడు. డాక్టరు ఏమన్నారని అడిగితే, మీ మెషీను చాలా బాగుందంటున్నారని చెప్పాను.

నాన్నని ఎమ్మారై మెషీను గొట్టంలోకి పంపారు. మేం బయట కూర్చున్నాం. గోడ దాటి టకటకటక, టకటకటక అని చప్పుడు వస్తూనే ఉంది. సాయంత్రానికి డాక్టరు రంగుల కాగితం తెచ్చాడు. మెదడు కుడివైపు ఎర్రగా, పసుప్పచ్చగా ఉంది. ఎడమవైపు చాలామేర నీలం. నీలమంటే తక్కువ. కుడివైపు పారుతున్న దాంట్లో సగం కూడా లేదన్నాడు.

"అయితే ఆపరేషనేనా?" అన్నాను.

"ఇదే నిజమైతే అంతే. కానీ ఇంత తేడా ఉన్న మనిషి పొద్దున నాతో జీరో గురించి అలా వాదించగలిగేవాడు కాదు. ఈ మందు నేను బొటనవేలితో నొక్కి ఎక్కిస్తాను. ఒకసారి జోరుగా పోతుంది, ఒకసారి నెమ్మదిగా పోతుంది. లెక్క అక్కడ చెడి ఉండొచ్చు. మళ్ళీ తీద్దాం" అన్నాడు.

రెండోసారి రమ్మన్న తేదీ వచ్చేసరికి చలికాలం వచ్చేసింది. తెల్లవారుజామున దుర్గ్‌లో రైలెక్కాం. కిటికీ అద్దం సరిగ్గా పడటం లేదు. చలిగాలి చెవిలో దూరితే ఇంకేమవుతుందో అని అమ్మ నాన్న రెండు చెవుల్లోనూ దూది ఉండలు కుక్కి, పైన మఫ్లరు చుట్టింది. నాన్నకి మఫ్లరు తీయడం గుర్తుంది గానీ దూది గుర్తులేదు. ఎవరికీ గుర్తులేదు. దాని మీదే, చప్పుడు తగ్గడానికి చెవులకి పెట్టే ముక్కలు పెట్టి గొట్టంలోకి పంపారు. ఈసారి డాక్టరు గడియారం చూసుకుంటూ, అంకెలు లెక్కపెట్టుకుంటూ మందు నొక్కాడు.

ఈసారి కాగితంలో రెండు వైపులా ఇంచుమించు ఒకే రంగు ఉంది. ఎడమవైపు కాస్త వెలిసినట్టుంది, అంతే.

డాక్టరు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏది నిజం?" అని అడిగాను. "తెలియదు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డాక్టరన్నవాడు తెలియదంటాడా! బొటనవేలు, గడియారం, మందు, మెషీను అంటూ ఆయన ఏదో చెబుతూనే ఉన్నాడు. నాకు ఒక్కటీ తలకెక్కలేదు. అప్పుడే బీపీ అదీ చూపించుకుని నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, చెవుల్లోంచి దూది తీసి చెత్తబుట్టలో పడేసి, "ఏటంతన్నాడు?" అన్నాడు.

తిరుగు రైల్లో కూడా అదే ప్రశ్న. "సరిగ్గా సెప్పవే. ఏటన్నాడు?"

ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తే. నాన్న ఎదురుగా కూర్చుని వేరుసెనక్కాయలు కుడిచేత్తోనే వలుస్తున్నాడు. అమ్మ నా ముఖంలోకి చూస్తోంది. తెలియదంటున్నారని చెప్పాలి. ఆ మాట నా నోట రాలేదు.

"బాగానే ఉందట నాన్నా. మొదటిది తప్పు రీడింగట. మాత్రలు వేసుకుంటే చాలట" అన్నాను.

నేను అబద్ధం చెప్పానా అంటే, ఆ రోజు అలా అనిపించలేదు. రెండు కాగితాల్లో నాకు నచ్చినదాన్ని నమ్మాను. నమ్మినదాన్ని చెప్పాను. అమ్మ ఆ వారమే క్యాంప్ 1లో ఉన్న తన వాళ్ళందరికీ బెల్లం పంచి వచ్చింది. నాన్న మళ్ళీ గ్యాసు లైను మీదకి వెళ్ళాడు. మళ్ళీ రమ్మని డాక్టరు రాసిన ఉత్తరాన్ని నేను ట్యూషను పుస్తకాల్లో పెట్టేశాను. నెల దాటినా జవాబు రాయలేదు.

ఒక సాయంత్రం నాన్నా నేనూ సెక్టర్ మార్కెట్‌లో కూరలు కొంటున్నాం. నాన్న ఎడంచేత్తో కాకరకాయలు చూపించి ధర అడగబోయాడు. మాట రాలేదు. మళ్ళీ చూపించాడు. కూరలామె, "క్యా చాహియే భయ్యా?" అని ఏం కావాలో రెండుసార్లు అడిగింది. ఆయన కుడిచెయ్యి సంచీతో సహా కిందికి వేలాడిపోతోంది. నాన్న నావైపు తిరిగాడు. ఆ చూపులో భయం ఉంది. గ్యాసు గొట్టాల మధ్య బతికిన మనిషి కళ్ళలో నేను అంతకుముందు ఎప్పుడూ భయం చూడలేదు. సంచీ అందుకుని, ఆయన్ని అక్కడే గోనెసంచీ మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని నేనూ కూర్చున్నాను. పావుగంటకి మాట వచ్చింది.

"మరి బాగానే ఉన్నాదన్నావు?" అదీ నాన్న మొదటి మాట.

రోడ్డు మీదే ఏడ్చేశాను. డాక్టరు తెలియదన్నాడని, నేనే మింగేశానని, ఉత్తరం కూడా దాచానని చెప్పేశాను. నాన్న తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "మీటరు తప్పు సూపిస్తే పరవాలేదు, బాగు సేసుకోవచ్చు. రీడింగు రాసీవోడు తప్పు రాస్తేనే మనుషులు సస్తారు" అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మూడోసారి ముగ్గురం వెళ్ళాం. ఈసారి నేనూ లోపల కూర్చుంటానని డాక్టరుతో గొడవ పెట్టుకున్నాను. ఏం చూస్తానో, ఏం అర్థమవుతుందో నాకే తెలియదు. బయట కూర్చుని రంగు కాగితం కోసం ఎదురుచూడటం మాత్రం ఇక నావల్ల కాదు. నా జడపిన్నులు, పిన్నీసులు, గడియారం అన్నీ తీయించి, నాన్న కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. నా చెవులకి కూడా రెండు ముక్కలేవో పెట్టారు. నాన్న నడుము దాకా గొట్టంలో ఉన్నాడు. నాకు కనిపించేది ఆయన పొట్టా, కాళ్ళూ.

చప్పుడు మొదలైంది. టకటకటక. ఆగింది. టకటకటక. ఆగింది. అద్దం వెనక నుంచి డాక్టరు వచ్చి గడియారం చూసుకుంటూ మందు నొక్కి మళ్ళీ వెళ్ళిపోయాడు. నేను నాన్న పాదాలు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి గుండెల్లో ఏదో నొక్కినట్టయింది. కళ్ళ ముందు చుక్కలు. మెషీను నన్నేదో చేస్తోందని భయపడ్డాను. తర్వాత తెలిసింది, నేను ఊపిరి తీసుకోవడం లేదు.

మూడు దెబ్బలు. వంటింటి తలుపు మీద మూడు దెబ్బలు.

నాన్న పొట్ట వైపు చూశాను. అది కదలడం లేదు. చప్పుడు సాగినంతసేపూ రాయిలా ఉంది. మధ్యలో ఒక్కసారి దొంగతనంగా చిన్న గుక్క తీసుకుని మళ్ళీ బిగుసుకుంది. చప్పుడు పూర్తిగా ఆగాక పొట్ట ఒక్కసారిగా ఎగిసి పడింది.

బయటికి రాగానే అడిగాను. "నాన్నా, లోపల ఊపిరి ఎందుకు బిగబట్టావు?"

"నేనెక్కడ బిగబట్టాను?" అన్నాడు. తర్వాత ఆగాడు. కుడిచేతి వేళ్ళు చూసుకున్నాడు. "అది కొడతంటే ఎవడు పీలుస్తాడే?" అన్నాడు నెమ్మదిగా. ఆ దెబ్బలకి ఊపిరి దానంతట అదే ఆగిపోయిందని, ఆగిన సంగతి తనకే తెలియలేదని ఆయన ముఖం చూస్తేనే అర్థమైంది. రెండోసారి వినపడలేదా అంటే, "సెవుల్లో మీయమ్మ దూది ఉన్నాది కదా" అన్నాడు. అమ్మ తనేం తప్పు చేసిందో తెలియక నావైపు, ఆయనవైపు చూసింది.

డాక్టరుకి చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. పోపు, తలుపు, పానా, గ్యాసు, దూది. ఎటు నుంచి ఎటు చెబుతున్నానో నాకే తెలియలేదు. ఆయన మొదట నాకు మతి చెడిందనుకున్నాడు. తర్వాత నుదురు కొట్టుకుని, కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. బొటనవేలిని అనుమానించాడు, గడియారాన్ని అనుమానించాడు, మెషీనులో ప్రతి మరనీ అనుమానించాడు. లోపల పడుకున్న మనిషి ఏం చేస్తున్నాడో మాత్రం అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఊపిరి బిగబడితే మెదడులో నరాలు విచ్చుకుంటాయట, రక్తం ఎక్కువగా పారుతుందట. అంటే మొదటిసారి తీసిన బొమ్మ మామూలు నాన్నది కాదు, గ్యాసు మధ్యలో నిలబడ్డ నాన్నది. "ఇప్పుడు ఊపిరి తీస్తూ ఉన్నప్పటిది కూడా కావాలి. కాసేపాగి మళ్ళీ తీద్దాం. కాకా, ఈసారి మామూలుగా ఊపిరి తీసుకోండి" అన్నాడు డాక్టరు.

అది చెప్పినంత తేలిక కాలేదు. గొట్టంలోకి వెళ్ళి చప్పుడు మొదలవగానే నాన్న పొట్ట మళ్ళీ ఆగిపోయింది. ఆపి, మళ్ళీ చెప్పారు. మళ్ళీ అంతే. పాతికేళ్ళ అలవాటు మాటలకి లొంగుతుందా? మందు ఎక్కించకముందే రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. డాక్టరు తల పట్టుకున్నాడు. అప్పుడు నాకు ఒకటి తోచింది. తోచినందుకు సిగ్గేసింది కూడా, పిల్లచేష్టలా ఉందని. చప్పుడు మొదలవగానే నాన్న మోకాలి కింద ఎముక మీద వేలి కణుపుతో ఒక్కసారి కొట్టాను. ఒక్క దెబ్బ. ఆయన పొట్ట లేచింది. దిగింది. కాసేపాగి మళ్ళీ ఒక్క దెబ్బ. మళ్ళీ లేచింది. మెషీను మూడేసి కొడుతోంది, నేను ఒక్కొక్కటి కొడుతున్నాను. నాన్న దాన్ని వదిలేసి నా మాట విన్నాడు. మందు పోయి బొమ్మలు పూర్తయ్యేదాకా కొడుతూనే ఉన్నాను. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

సాయంత్రం రెండు కాగితాలు వచ్చాయి. ఊపిరి తీసుకున్నప్పుడు రెండు వైపులా దాదాపు సమానం. బిగబట్టినప్పుడు కుడివైపు ఇంకా ఎర్రబడింది, దానితో పోలిస్తే ఎడమవైపు నీలం.

"అయితే సమానమే కదా! బాగానే ఉన్నట్టే కదా!" అన్నాను ఆత్రంగా. చూడండి, అంత జరిగాక కూడా నాకు నచ్చిన కాగితమే పట్టుకున్నాను.

డాక్టరు జవాబు చెప్పేలోపే నాన్న కాగితాలు రెండూ లాక్కున్నాడు. కుడివైపు మీద వేలు పెట్టి, "ఇది ఊపిరి బిగబడితే పెరిగిందా?" అన్నాడు. పెరిగిందన్నాడు డాక్టరు. "ఇది?" ఎడమవైపు. పెరగలేదన్నాడు. నాన్న కాగితాలు బల్ల మీద పెట్టేశాడు.

"ఫ్లో ఒక్కటీ సూస్తే సరిపోదే" అన్నాడు నాతో. ట్యూషన్లో నేను పిల్లలకి చెప్పేలా ఓపిగ్గా చెప్పాడు. "వాల్వు ఎంత తెరుసుకున్నాదో కూడా సూడాలి. ఈ వైపు వాల్వు ఎప్పుడో మొత్తం తెరిసీసింది. అలగ తెరిసి పెట్టి ఎలగో సమానంగా లాక్కొస్తన్నాది. ఇంక తెరవడానికి ఏటీ లేదు. రేపు కూసింత ఎక్కువ కావాలంటే ఎక్కడి నుంచి తెస్తాది?"

డాక్టరుకి తెలుగు రాదు. నేను హిందీలో చెప్పాను. "నేను చెప్పాలనుకున్నది సరిగ్గా అదే" అన్నాడు. తర్వాత, ఇకమీదట లోపల పడుకున్న ప్రతి మనిషి ఊపిరీ లెక్కపెట్టిస్తానని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

నాకు అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. సమానంగా ఉన్నది బాగున్నట్టు కాదు, తప్పుగా తీసిన రీడింగే అసలు సంగతి చెప్పింది. ఇదెక్కడి లెక్క? నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా రాత్రో పగలో ఏదో ఒక వేళ ఆ రెండు కాగితాలూ గుర్తొచ్చి తికమకపడతాను. నాన్నకి మాత్రం తికమక లేదు. అప్పటిదాకా పీక కోయించుకోనన్న మనిషి, "ఎప్పుడు సేస్తారో అడుగు" అన్నాడు.

రెండు వారాల్లో అక్కడే ఆపరేషన్ అయింది. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నాన్నని భయమేస్తోందా అని అడిగితే, "ఎయ్యదేటి?" అన్నాడు. అంతే. అమ్మా నేనూ బల్ల మీద కూర్చున్నాం. ఒకవేళ ఈ దారి తప్పయితే, చెయ్యీ మాటా పోతే, ఆ దారి చూపించింది నేనే. మోకాలి కింద ఒక్కొక్క దెబ్బా కొట్టింది నేనే. చేయించకపోయినా తప్పు నాదే అయ్యేదేమో. అడకత్తెరలో పోకచెక్కలా ఆ నాలుగు గంటలు గడిపాను.

నాన్నకి మెలకువ వచ్చిందని పిలిచారు. మెడకి కట్టు, ముఖం పాలిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు వంగి, "మీ పేరు చెప్పండి" అన్నాడు. నాన్న చెప్పలేదు. మళ్ళీ అడిగాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. బొమ్మలు తీసిన మా డాక్టరు మంచం అటువైపు నుంచి నాన్న కుడిచెయ్యి వైపు చూశాడు. నేనూ చూశాను. అది దుప్పటి మీద ఊరికే పడి ఉంది. అమ్మ నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

అప్పుడు ఆ చెయ్యి కదిలింది. పక్కకి జరిగి జరిగి, మంచం ఇనపకమ్మీ దాకా వెళ్ళింది. చూపుడువేలు మడిచి, కణుపుతో కమ్మీ మీద కొట్టాడు.

టక్.

రెండోది కోసం చూశాను. మూడోది కోసం చూశాను. నాన్న నా కళ్ళలోకే చూస్తున్నాడు. చెయ్యి మళ్ళీ లేవలేదు. గొంతులో గొట్టం పెట్టి తీశాం, మంటకి మాట్లాడలేకపోతున్నాడేమో, సాయంత్రానికి మాట్లాడతాడని ఎవరో అంటున్నారు. ఆ మాటలు నాకు దూరంగా వినిపిస్తున్నాయి.

"ఏటంతన్నారే మీ నాన్న?" అంది అమ్మ నన్ను కుదుపుతూ.

"ఊపిరి తీసుకోమంటున్నాడు" అన్నాను.

"మరి తియ్యవేటే! మొకం నల్లబడిపోతన్నాది" అంది అమ్మ.